కృష్ణా ముఖద్వారమున ఆసియా మేలుకొలుపు

(గుడివాడలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మాకు ఒప్పగించిన విషయము పెద్దది. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన 1918వ సంవత్సరము మొదలు రెండవ యుద్ధము ప్రారంభమైన 1939వ సంవత్సరము వరకు ఆసియా ఖండమున సాగిన జాతీయోద్యమములను, విప్లవములను గూర్చి చెప్పవలెనన్నారు. టర్కీ ఎక్కడ, జావా ఎక్కడ, మన గుడివాడ ఎక్కడ అని మీలో కొందరికి తోచవచ్చును. కాలువ పూడిక, వీధి దీపము, మంచినీటి చెరువు, ఇంటిపన్ను, ఈ పనులతో సతమతమగువారికి ఈ కథ ఎందులకని అడుగుటయు న్యాయమే.

ఆ ఇరువది యేండ్లలో ఆసియా ప్రజలు ముఖ్యముగా మూడు ప్రశ్నలు వేసికొనిరి. మమ్ము ఏలవలసినవారెవరు? మేము దున్ను భూమి ఎవరిది? మాతో కలిసి బ్రదుకు ఇతరులతో మేమెట్లు మెలగవలెను? మొదటి ప్రశ్నకు జవాబు 1947లో మనకు లభించినది. తక్కిన రెండును ప్రతి గ్రామసభలోను మీ ముందునకు వచ్చుచునే యున్నవి. అందువలన ఈ కథ మీదియే. బందరు, గుడివాడ, దివిసీమలను వదలకుండ, అవసరమైనచోట మాత్రమే సముద్రము దాటి, దీనిని చెప్పుదుము.

సముద్రము అడ్డు కాదు, దారి

బందరు అను మాటయే పారశీకము. ఆ భాషలో దానికి రేవు అని అర్థము. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణము నుండి మన కలంకారీ వస్త్రములు పారశీకమునకును తూర్పు దీవులకును పోయెడివి. ఆ బట్టల కొఱకే పాశ్చాత్య వర్తకులు వచ్చిరి. ఇంగ్లీషువారు 1611లో ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి. బట్ట కొనవచ్చినవారు కొంత కాలమునకు దేశము నేలిరి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన బందరును ముంచివేసి వేలాది ప్రాణములను బలిగొన్నది. రేవు వర్తకము నానాటికి క్షీణించినది. కాని సముద్రము మీదుగా వచ్చు వార్తలు మాత్రము ఆగలేదు.

1905లో జపాను రష్యాను ఓడించినది. ఆసియా దేశ మొకటి ఐరోపా మహారాజ్యమును యుద్ధమున గెలుచుట ఆ నాటివారికి నమ్మరాని వార్త. దివి ప్రాంతమందలి భట్లపెనుమర్రున జన్మించిన పింగళి వెంకయ్యగారు జపాను భాష నేర్చికొని, 1913లో బాపట్లలో ఆ భాషయందే ప్రసంగించిరి. జనులు ఆయనను జపాను వెంకయ్య అనిరి. కాంబోడియా పత్తి రకముపై పరిశోధన చేసినందున పత్తి వెంకయ్య అనియు పిలిచిరి. ఒక పల్లెటూరి మనిషికి జపాను పేరును, కాంబోడియా పైరును బిరుదులైనవన్నచో, ఆసియా మన పొలము గట్టు వరకు వచ్చియున్నదనియే గదా అర్థము.

ఆయనయే బందరు జాతీయ కళాశాలలో పనిచేయుచు 1916లో జాతీయ పతాకమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించిరి. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశ సందర్భమున ఎఱుపు, ఆకుపచ్చ రంగులతో పతాకమును సిద్ధము చేసిరి. చరఖా గుర్తు నుంచుమని జలంధరు వాస్తవ్యులు లాలా హంసరాజుగారు సూచించిరి. తక్కిన మతములవారికిని చోటుండవలెనని గాంధీజీ తెలుపు రంగును చేర్పించిరి. పతాకములో తెల్లని పట్టీ చేరిన తీరును మీరు గమనింపుడు. మొదటి నమూనాలో తమకు చోటు లేనివారు కొందరున్నారని ఒకరు చెప్పగా, తయారుచేసినవారు కోపింపక దిద్దుకొనిరి. జాబితాలు తయారుచేయునపుడు ఇది జ్ఞాపక ముంచుకొనదగినది.

1919వ సంవత్సరము

యుద్ధ కాలమున ఐరోపా రాజ్యములు ఆసియా నుండి లక్షల మంది సైనికులను, కూలీలను తీసికొనిపోయినవి. ప్రతి జాతికిని తన్ను తాను పాలించుకొను హక్కు కలదని 1918లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ పలికెను. ఆసియావారు ఆ మాటను తమ కొఱకే అన్నట్లు విశ్వసించిరి. రష్యాలో జారు ప్రభుత్వము 1917లోనే కూలియుండెను. పల్లెలలో ధరలు పెరిగి జనము నలుగుచుండెను. యుద్ధము ముగిసిన పిదప విల్సన్ మాట ఆసియాకు వర్తింపదని తేలినది.

అప్పుడు ఒకే సంవత్సరమున ఎన్ని దేశములు లేచినవో చూడుడు. 1919 మార్చి 1న కొరియా ప్రజలు జపాను పాలనకు ఎదురుగా స్వాతంత్ర్య ప్రకటన చదివిరి. ఏప్రిల్ 13న అమృతసరమున జలియన్‌వాలాబాగు హత్యాకాండ జరిగినది. మే 4న చైనా విద్యార్థులు షాంటుంగును జపానునకు అప్పగించు నిర్ణయమును నిరసించుచు పెకింగు వీధులలోనికి వచ్చిరి. మే 19న ముస్తఫా కెమాల్ సాంసున్ రేవులో దిగి టర్కీ స్వాతంత్ర్య సమరమునకు పూనుకొనెను. ఆ సంవత్సరమే ఆసియా గుమ్మమున నున్న ఈజిప్టు సాద్ జగ్లూల్ నాయకత్వమున లేచినది. అచ్చటి స్త్రీలు ముసుగులతోనే ఊరేగింపులు సాగించిరి.

ఇందులో ఒక చేదు పాఠము కలదు. మనవారు కొనియాడిన జపాను కొరియాను 1910లోనే మ్రింగినది. 1931లో మంచూరియాను ఆక్రమించినది. 1937లో చైనాపై పూర్తి యుద్ధమునకు దిగినది. చివరకు 1942 ఏప్రిల్ 6న దాని విమానములు మన విశాఖపట్టణము, కాకినాడలపైననే బాంబులు వేసినవి. తెల్లవాడు పోయినంత మాత్రమున పీడన పోదు. బలవంతుడు ఏ రంగువాడైనను అదుపు లేనిచో అన్యాయమునకు దిగును.

రెండవ పాఠము టర్కీ నుండి వచ్చినది. ఖలీఫా పదవిని కాపాడుటకై మన దేశమున హిందువులు, ముస్లిములు చేయి కలిపి ఉద్యమము సాగించిరి. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభకు మౌలానా మహమ్మదాలీ అధ్యక్షత వహించిరి. అప్పటికి రెండు నెలల ముందే, అక్టోబరు 29న, టర్కీ గణతంత్ర రాజ్యమైనది. 1924 మార్చి 3న టర్కీవారే ఖలీఫా పదవిని రద్దు చేసిరి. మనము ఎవరి కొఱకు పోరాడుచుంటిమో వారికి కావలసినది వేఱొకటి. ఇక్కడి ఐకమత్యము గొప్పది. దానికి ఆధారముగా నెంచుకొన్న కోరిక మాత్రము అచ్చటివారిని అడిగి తెలిసికొన్నది కాదు. ఒక పేట ప్రజలకేమి కావలెనో ఆ పేటవారిని అడుగకయే తీర్మానము చేయువారికి ఈ కథ చాలును.

సభ ముగిసిన మఱునాడు

ఉద్యమము సభలతో నిలువదు. సభ ముగిసిన మఱునాడు మిగులు వస్తువు ఏదో ఒకటి యుండవలెను. బందరువారు దీనిని ముందే గ్రహించిరి. కృష్ణాపత్రిక 1902లో పుట్టినది. ముట్నూరి కృష్ణారావుగారు దాని సంపాదకులై 1945లో కన్నుమూయు వరకు దానిని నడపిరి. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరివారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. చదువుతోపాటు చేతిపనియు నేర్పుట దాని ఆశయము. హనుమంతరావుగారు తమ జీవితమంతయు దానికే ధారవోసి 1922లో అస్తమించిరి.

సరిగా ఆ 1922వ సంవత్సరముననే జావాలోని యోగ్యకర్త నగరమున కి హజర్ దెవాంతర అను దేశభక్తుడు తమన్ సిస్వ అను పేర జాతీయ పాఠశాలను ప్రారంభించెను. తమ భాష, తమ కళలు, తమ డబ్బు అను మూడు సూత్రములపై అది పెరిగినది. 1932లో డచ్చి ప్రభుత్వము అటువంటి బడులను అదుపు చేయుటకు శాసనము తేగా, ఆయన శాంతియుతముగా ఎదిరించి ఆ శాసనమును వెనుకకు తీసికొనునట్లు చేసెను. తుపాకి లేని ఒక బడిపంతులు సామ్రాజ్యమును వెనుకడుగు వేయించెను. బందరులో ఒకటి, జావాలో ఒకటి: ఒకరినొకరు చూచి చేసినవి కావు. ఒకే రోగమునకు ఇద్దరు వైద్యులు ఒకే మందు వ్రాసినట్లున్నది.

పట్టాభిగారు మఱియొక మెట్టు ఎక్కిరి. అప్పుల బాధ తొలగనిదే రైతునకు స్వరాజ్యము రుచింపదని వారెఱుగుదురు. 1923 నవంబరులో లక్ష రూపాయల చెల్లించిన మూలధనముతో బందరున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. దాదాపు వంద సంవత్సరములు ఆ పేరుతో నడచి, 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసినది. పేరు పోయినను ఆ నాటి లెక్క చెడలేదు. ఉపన్యాసములు చేసినవారే పద్దు పుస్తకమును సరిగా వ్రాయుట ఆ తరము యొక్క ఘనత. పంచాయతీలో పద్దు పుస్తకము జెండా యంతటి పవిత్రమైనదని మేము భావింతుము.

1930 మే నెల

ఇక 1930వ సంవత్సరమునకు వత్తము. ఉప్పు సత్యాగ్రహము దేశమంతట సాగుచుండెను. మే 5న గాంధీజీని నిర్బంధించిరి. మఱునాడు, మే 6న, బందరు కోనేరు సెంటరులో తోట నరసయ్యనాయుడుగారు జాతీయ పతాక మెగురవేయ బూనిరి. పోలీసులు లాఠీలతో కొట్టిరి. పతాకమును విడువుమనిరి. ఆయన విడువలేదు. స్పృహ తప్పి పడిపోవువరకు దెబ్బలు తినిరి. చేతిలో ఆయుధము లేదు. తిరిగి కొట్టిన పాపము లేదు.

ఆ సంవత్సరముననే ఫిబ్రవరి 10న వియత్నాములోని యెన్ బే కోటలో సైనికులు ఫ్రెంచి అధికారులపై తిరుగబడిరి. ఆ తిరుగుబాటు ఒక్క దినములో అణగారినది. నాయకుడు గుయెన్ థాయ్ హాక్‌ను, ఆయన అనుచరులు పండ్రెండుగురను జూన్ 17న తల నఱికి చంపిరి. వారి ధైర్యము తక్కువది కాదు. కాని పల్లెలతో సంబంధము లేని తిరుగుబాటు కోట గోడలలోనే ముగిసినది.

మే నెలలోనే మన తెలుగువారికి సంబంధించిన దారుణ మొకటి రంగూనులో జరిగినది. ఈ విషయము మన పాఠ్య పుస్తకములలో కానరాదు. అచ్చటి రేవులో ఓడ సరకులు మోయు కూలీలలో పెక్కుమంది మన తీర జిల్లాలనుండి పోయిన తెలుగువారు. వారు కూలి పెంపు కోరి సమ్మె చేసిరి. యజమానులు వారి స్థానమున బర్మావారిని పనిలో పెట్టుకొనిరి. కొన్ని దినములకు సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి రాగా, బర్మా కూలీలను పొమ్మనిరి. అవమానమునకు గురియైనవారి కోపము యజమానులపై గాక తెలుగు కూలీలపై విరుచుకుపడినది. అల్లరులలో వందమందికి పైగా చనిపోయిరి. చనిపోయినవారిలో మిక్కిలి మంది భారతీయ కూలీలే.

ఇరువురును పేదలు. ఇరువురును ఒకే మూటను మోసినవారు. లాభము పొందినవాడు ఒడ్డున నిలిచి చూచెను. ఒక దేశ స్వాతంత్ర్యేచ్ఛ పొరుగు పేదవానిపై కక్షగా మారినచో ఏమగునో రంగూను చెప్పినది. బర్మావారి ఆక్రోశమునకు కారణము లేకపోలేదు. వారి భూములు, ఉద్యోగములు పరుల చేతులలోనికి పోవుచుండెను. కాని కారణమున్నంత మాత్రమున కత్తి న్యాయము కాదు.

ధాన్యము ధర, దున్నువాని పేరు

గుడివాడ రైతునకును ఐరావతీ డెల్టా రైతునకును ఉన్న బంధుత్వము వరి. ఇచ్చట 1850 తరువాత కృష్ణ ఆనకట్టయు, కాలువలును మెట్టను మాగాణి చేసినవి. అచ్చట అడవిని కొట్టి మాగాణి చేసిరి. రెండుచోట్లను పంట సంతకు పోయినది. సంత ప్రపంచ ధరకు కట్టుబడినది. 1929లో అమెరికాలో ప్రారంభమైన ఆర్థిక మాంద్యము వలన ధాన్యము ధర రెండు మూడేండ్లలో సగము వరకు పడిపోయినది. శిస్తు మాత్రము రూపాయలలో స్థిరముగా నుండెను. అప్పుపై వడ్డీయు అంతే. వెనుక రెండు బస్తాలు అమ్మి తీర్చిన బాకీకి ఇప్పుడు నాలుగు బస్తాలు అమ్మవలసివచ్చెను. పైగా బర్మా బియ్యము చౌకగా మద్రాసు రాజధానికి దిగుమతియై మన ధరను మఱింత దించినది. ఆ బియ్యము పండించిన బర్మా రైతు సుఖపడెనా? లేదు. అప్పు తీర్పలేక అతని భూమి వడ్డీ వ్యాపారుల పాలయ్యెను. 1937 నాటికి దిగువ బర్మా వరిభూములలో దాదాపు నాల్గవ వంతు చెట్టియారుల వశమైనది.

1930 డిసెంబరులో సాయా సాన్ అను నాటువైద్యుని నాయకత్వమున థర్రవాడి జిల్లా రైతులు తలపన్ను మోయలేక తిరుగబడిరి. పచ్చబొట్లు, తాయెత్తులు తుపాకి గుండ్లను ఆపునని నమ్మిరి. వారిని అణచుటకు పంపబడిన సైన్యములో భారతీయులును ఉండిరి. 1931 నవంబరు 28న సాయా సానును ఉరితీసిరి.

మన డెల్టా రైతు వేఱొక త్రోవ పట్టెను. రీసెటిల్మెంటు పేర శిస్తు పెంచబూనగా సంఘముగా ఏర్పడి ఎదిరించెను. ఎన్.జి. రంగాగారు, పట్టాభిగారు మొదలగువారు ఆ ఆందోళనను నడపిరి. 1937-38లో జమీందారీ రైతులు ఇచ్ఛాపురము నుండి మద్రాసు వరకు కాలినడకన రైతు రక్షణ యాత్ర చేసిరి. ఆ కాలమున రెవెన్యూ మంత్రిగా నున్న టంగుటూరి ప్రకాశంగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము, భూమి రైతుదే గాని జమీందారుది కాదని 1938లో తేల్చిచెప్పినది. దివిసీమలో చల్లపల్లి జమీందారీ భూములపై సాగిన పోరాటము పెద్దలకు నేటికిని జ్ఞాపకమున్నది. దివి ప్రాంతమందలి మంగళాపురమున 1914లో పుట్టిన చండ్ర రాజేశ్వరరావుగారి వంటివారు కలిగిన కుటుంబమునుండి వచ్చియు పేదల పక్షమున నిలిచిరి. కట్టకడపట 1948 నాటి చట్టము జమీందారీలను రద్దు చేసినది.

అయినను నిజము నిజముగా చెప్పుకొనవలెను. ఆ ఉద్యమములలో ముందు నడచినది ఎక్కువగా పట్టా గల రైతు. పట్టా లేని పాలేరు, కూలి, కౌలుదారు వెనుక వరుసలో నిలిచిరి. ఫలము పంచునపుడును వారు వెనుక వరుసలోనే యుండిరి. చైనాలో సన్ యత్ సేన్ దున్నువానికే భూమి అనెను. ఆయన 1925లో మరణించెను. రెండేండ్లకు, 1927 ఏప్రిల్‌లో, ఆయన స్థాపించిన కువోమిన్‌టాంగ్ పక్షమే కార్మికులను, కమ్యూనిస్టులను షాంఘైలో ఊచకోత కోసినది. తరువాత ఆ పక్షము ఇరువది యేండ్లు ఏలినను భూమి ప్రశ్నను తేల్చలేకపోయినది. 1949లో అధికారమును పోగొట్టుకొన్నది. అటుపై వచ్చినవారు బలప్రయోగముతో భూమిని పంచిరి. ఆ పంపకమున ఎన్నో ప్రాణములు పోయినవి. సకాలమున న్యాయముగా తీర్పని ప్రశ్న తరువాత కత్తి పట్టుకొని వచ్చునని దీని తాత్పర్యము.

ఇక మనము చేయవలసినది

పంచాయతీ సభ్యులారా! 1930లో కోనేరు సెంటరున దెబ్బలు తిన్నవారు ఏ ఓటు కొఱకు నిలిచిరో, ఆ ఓటుతో మీరు ఇచ్చట కూర్చుండియున్నారు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోనికి వచ్చి గ్రామసభకు రాజ్యాంగములో చోటు కల్పించినది. మన రాష్ట్రమున సగము స్థానములు స్త్రీలవి. కైరో వీధులలో ముసుగులతో నడచిన స్త్రీలు కలలోనైన ఊహింపని అధికార మిది. అధ్యక్షురాలి స్థానమున భర్త కూర్చుండి సంతకము మాత్రము ఆమెచే చేయించు ఆచారము ఎక్కడైన నున్నచో, అది ఆ పతాకమునకు చేయు అపచారము.

మేము మూడు పనులను మీ ముందుంచుచున్నాము. ఇవి డబ్బుతో పనిలేనివి.

మొదటిది: మీ ఊరిలో పరుల భూమిని దున్నుచున్నవారెవరో గ్రామసభలో పేరు పేరున చదివి వినిపింపుడు. డెల్టాలో ఎన్నో పొలములను దున్నువాడొకడు, కాగితముపై నున్నవాడొకడు. తుఫాను వచ్చి పంట పోయినపుడు పరిహారము కాగితమును వెదకికొని పోవును గాని చెమటను వెదకదు. భూమి హక్కును మార్చు అధికారము పంచాయతీకి లేదు. కాని నిజమును పదిమంది ఎదుట పలికించు అధికారము గ్రామసభకు కలదు. భూస్వామికి హాని కలుగకుండ, దున్నువానికి నష్టము రాకుండ మాట కుదుర్చుట పెద్దరికము గలవారికి అసాధ్యము కాదు.

రెండవది: నాట్లకు, కోతలకు, చెరువు పనులకు పొరుగు జిల్లాలనుండి వచ్చువారిని రంగూను రేవు కూలీలను తలచుకొని చూడుడు. వారికి త్రాగునీరు, తలదాచుకొన చోటు, పిల్లలకు బడి, ఇవి మీరు చూడదగిన పనులు. వారికిని మీ ఊరి కూలీలకును నడుమ కూలి ధర విషయమై తగవు రానున్నదని తెలిసినచో, ముందే ఇరువురిని ఒకచోట కూర్చుండబెట్టుడు. పేదవాడు పేదవానిపై పడినపుడు లాభము ఎవరికో మీ రెఱుగుదురు.

మూడవది: మీ గ్రామమున ఆ నాటి ఉద్యమములలో పాల్గొన్నవారి కాగితములు, జెయిలు ఉత్తరములు, పాత ఛాయాపటములు అటకలపై చెదలు తినుచుండవచ్చును. చూచినవారు దాదాపు అందరును గతించిరి. బడి పిల్లలచేత ఇల్లిల్లు తిరిగించి ఆ వివరములను వ్రాయించి పంచాయతీ కార్యాలయమున భద్రపఱచుడు. జైలుకు పోయినవారినే గాక, వారికి అన్నము వండి పంపిన తల్లులను, చాటుగా కబురు మోసిన పాలేరులను గూడ వ్రాయింపుడు. ఆ జాబితాలోనైన వెనుక వరుస ముందునకు రావలెను.

టర్కీ మొదలు జావా వరకు లేచిన ప్రజలలో కొందరు గెలిచిరి, కొందరు ఓడిరి. గెలిచినవారిలోను గెలుపును నిలుపుకొన్నవారు కొందరే. బడిని, పద్దును, పొరుగువానిని చక్కగా చూచుకొన్నచోట అది నిలిచినది. ఆ మూడును పంచాయతీ పనులే. పంద్రాగస్టునాడు మీ కార్యాలయము ముందు పతాకము ఎగురవేయునపుడు భట్లపెనుమర్రు వెంకయ్యగారిని, కోనేరు సెంటరు నరసయ్యనాయుడుగారిని ఒక్క నిమిషము తలచుకొనుడు. పిదప లోనికి పోయి పద్దు పుస్తకమును తెఱువుడు.

 జై హింద్.